మజిలీ

దూరప్రయాణంలో మధ్యమధ్య ఆగే చోటును మజిలీ అంటారు. పూర్వం బాటసారులు కాలినడకన పోతూ, పొద్దుగూకే వేళకు ఏదో ఒక సత్రం చేరుకొనేవారు. తల దాచుకొనే చోటు, ఇంత అన్నం దొరికితే చాలు. తెల్లవారగానే మళ్లీ నడక సాగించేవారు.

మదురైని ఏలిన తెలుగు నాయకరాజుల వంశంలో రాణి మంగమ్మ 1689 నుండి మనుమని తరఫున రాజ్యభారం వహించింది. బాటలు వేయించి, సత్రాలు కట్టించి పేరు పొందింది. మదురై రైల్వేస్టేషను ఎదుట ఉన్న మంగమ్మ సత్రాన్ని మీలో కొందరు చూసే ఉంటారు.

రైళ్లు, బస్సులు వచ్చాక దారి మజిలీలు తగ్గాయి. కాని బండ్లు పోలేని కొండదారిలో అవి నేటికీ తప్పవు. నేపాల్ దేశంలో ఎవరెస్టు శిఖరం దిగువనున్న స్థావరానికి నడిచి వెళ్లే దారి అటువంటిదే.

నీలగిరులలో ఎత్తైన దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు. ఎవరెస్టు యాత్రికులు విమానం దిగే లుక్లా అంతకంటే ఎత్తున ఉన్నది. వారి నడక మొదలయ్యేదే అక్కడ!

దారిలోని బసలు సాదా ఇళ్లు. గదికి పలుచని చెక్క గోడలు, రెండు మంచాలు ఉంటాయి. గదిలో వెచ్చదనం ఉండదు. భోజనశాల నడుమ ఇనుప పొయ్యిలో జడలబర్రె పిడకలు కాలుస్తారు. నానాదేశాల వారు దాని చుట్టూ చేరి పప్పూ అన్నం తింటారు.

3,440 మీటర్ల ఎత్తున ఉన్న నామ్చే బజారులో యాత్రికులు సాధారణంగా రెండు రాత్రులు ఆగుతారు. “ఒంట్లో బాగానే ఉన్నది కదా, ఆగడం ఎందుకు?” అని తొందరపడేవారూ ఉంటారు. ఆ తొందర ప్రమాదకరం. పైకి పోయేకొద్దీ గాలి పలుచనవుతుంది. 5,364 మీటర్ల ఎత్తున ఉన్న స్థావరం వద్ద గాలి ఒత్తిడి సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో సుమారు సగమే. దానికి అలవాటుపడడానికి శరీరానికి కొన్ని రోజులు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదంటారు.

తలనొప్పి, వాంతి కలిగితే పైకి ఎక్కరాదు. అవి ముదిరినా, నడక తూలినా వెంటనే కిందికి దిగాలి. లేకుంటే మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరి ప్రాణం పోవచ్చు. కండబలం ఉన్నవారికీ ఈ ముప్పు తప్పదు.

నాటి సత్రం బాటసారి అలసట తీర్చింది. నేటి కొండబస యాత్రికుని ప్రాణం కాపాడుతున్నది. ఆగవలసిన చోట ఆగినవాడే గమ్యం చేరతాడు.

ప్రశ్నలు
1. రాణి మంగమ్మ బాటసారులకు చేసిన మేలు ఏమిటి?
2. యాత్రికులు నామ్చే బజారులో ఎందుకు ఆగుతారు?
3. మీ ఊరిలోనో, దగ్గరలోనో ఉన్న పాత సత్రం గురించి పెద్దలను అడిగి ఐదు వాక్యాలు రాయండి.