గొంతు ఒప్పుకున్నాకే రెండో ముద్ద

పెద్దాయనకు పొలమారగానే మన ఇళ్లలో ఏం చేస్తాం? ఒకరు నడినెత్తిన తడతారు, ఇంకొకరు గబగబా చెంబెడు నీళ్లు తెచ్చి తాగిస్తారు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఆ నీళ్లే ముప్పు. పలుచటివి వేగంగా జారతాయి. నీరసించిన గొంతు ఊపిరిదారిని మూసేలోపే లోపలికి దిగి న్యుమోనియా తెస్తాయి. అన్నం కన్నా నీళ్లే ప్రమాదమంటే చాలామంది నమ్మరు. దయచేసి నమ్మండి.

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీకి టైమవుతోందని నాన్న నోట్లో నాలుగు ముద్దలు కుక్కి పరుగెత్తే కొడుక్కి ఆయనంటే ప్రేమ లేక కాదు. ఓపిక అలవడలేదు, అంతే. అది నేర్చుకుంటే వచ్చేదే.

ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, మీరూ ఎదురుగా కూర్చోండి. నిలబడి పెడితే ఆయన తల పైకెత్తాలి. అప్పుడు ముద్ద దారి తప్పడం తేలిక. గ్లాసు ఎత్తి పోసుకునే అలవాటూ మానిపించాల్సిందే. టీవీ కట్టేయండి. చిన్న చెంచాతో పెట్టి, గొంతు ముందున్న బుడిపెను చూడండి. అది పైకి లేచి దిగితే గుటక పడ్డట్టు. అయినా తొందరొద్దు, నోరు తెరిపించి చూడండి. చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు ఉండిపోతాయి, ఆయనకు తెలియను కూడా తెలియదు. నోరు ఖాళీ అయ్యాకే రెండో చెంచా.

పలుచటి మజ్జిగలో మెతుకులు తేలే అన్నం వద్దు, నమిలేలోపే మజ్జిగ జారిపోతుంది. పప్పన్నం ఒకే తీరుగా మెత్తగా మెదపండి. పండుమిరప పచ్చడి తిని పెరిగిన నోటికి చప్పిడి ముద్ద శిక్షే కదా! గోంగూర పప్పు పీచు లేకుండా రుబ్బి, నెయ్యి వేసి పెట్టండి. పొడికారం మాత్రం చల్లకండి, దగ్గు తెప్పిస్తుంది.

దగ్గొస్తే ఆపి, దగ్గనివ్వండి. దగ్గు లేకుండానే కొందరికి తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక గొంతు గురగురమన్నా, తరచూ జ్వరం వస్తున్నా అనుమానించండి. చీమకుర్తి నుంచి ఒంగోలు 25 కిలోమీటర్ల లోపే. డాక్టరును కలిసి స్పీచ్ థెరపిస్టుకు చూపించాలని అడగండి. మాటలకే కాదు, మింగడానికీ వాళ్లే శిక్షణ ఇస్తారు. నీళ్లు ఎంత చిక్కగా ఇవ్వాలో, గడ్డం దించి మింగాలో లేదో వాళ్లే తేల్చాలి.

తిన్నాక అరగంట పడుకోనివ్వకండి, నోరు శుభ్రం చేయండి. ఎప్పుడైనా దగ్గూ మాటా ఆగి ఊపిరాడకపోతే నీళ్లు పోయకండి. ముందుకు వంచి, వీపు మీద రెండు భుజం రెక్కల నడుమ, మణికట్టు పక్కనున్న అరచేతి భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టండి. పక్కవాళ్లను 108కి ఫోన్ చేయమనండి.