జ్వరం ఎన్నో రోజు?

కరోనా అనుమానంతో వచ్చిన మనిషి కూర్చోగానే చాలామంది డాక్టర్లు అడిగే మొదటి మాట "టెస్ట్ చేయించావా?" నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటిది "జ్వరం వచ్చి ఇవాళ్టికి ఎన్నో రోజు?" 2020, 2021ల్లో మన రెండు రాష్ట్రాల్లో వైద్యం చేసినవాళ్ళు నేర్చుకున్నవాటిలో ఇంతకంటే విలువైన సంగతి నాకు కనిపించదు. ఇప్పుడిప్పుడే డ్యూటీల్లో చేరుతున్న యువ డాక్టర్ల కోసం ఆ క్రమాన్ని మొదటి నుంచీ చెబుతాను.

పని గేటు దగ్గరే మొదలవుతుంది. దగ్గు, జ్వరం, ఆయాసం ఉన్నవాళ్ళు బీపీ మాత్రల కోసం వచ్చినవాళ్ళ పక్కన కూర్చోకూడదు. గేటులోనే ఒకరు నిలబడి లక్షణాలు అడిగి, మాస్కు ఇచ్చి, వేరే దారిన పంపాలి. పీహెచ్‌సీలో గదులు చాలకపోతే ఆవరణలో షామియానా వేయించండి. ఈ వైరస్ గాలిలో నిలిచే రకం కాబట్టి తలుపులు మూసిన ఏసీ గదికంటే చెట్టు కింద కుర్చీ ఎంతో నయం. గదిలోనే చూడక తప్పకపోతే టేబుల్ ఫ్యాన్ మీ వెనక పెట్టుకుని, పేషెంటు వెనకున్న కిటికీ తెరిపించండి. గాలి మీ వైపు నుంచి ఆయన వైపు, అటునుంచి బయటికి పోవాలి. ఆ కిటికీ అవతల ఎవరూ నిలబడకుండా చూసుకోవాలి. మీ మొహానికి ఎన్95 బిగుతుగా ఉందో లేదో గట్టిగా ఊది చూసుకోండి. అంచుల్లోంచి గాలి తగిలితే ఆ మాస్కు ఉన్నా లేనట్టే.

ఇక రోజు లెక్క. జనం రిపోర్టు వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. మనకు కావలసింది ఒంట్లో మొదట తేడా చేసిన రోజు. దాన్ని ఓపిగ్గా రాబట్టాలి.

"ఒళ్ళు ఎప్పుడు వెచ్చబడింది పెద్దాయనా?"

"రెండ్రోజులైంది సార్."

"మొన్న ఆదివారం అన్నం సయించిందా?"

"ఎక్కడ సార్, కోడికూర వండినా రుచి తెలీలేదు. ముందురోజే ఒళ్ళునొప్పులని చేనుకు పోలేదు."

అంటే మొదటి రోజు శనివారం. ఇవాళ శుక్రవారం, ఏడో రోజు. రెండ్రోజుల జ్వరమనుకున్న మనిషి ప్రమాదపు గడపలో నిలబడి ఉన్నాడు. కోవిడ్‌లో మొదటి వారం వైరస్ పెరిగే కాలం. రెండో వారం మొదలయ్యేసరికి చాలామంది తేరుకుంటారు. కొందరిలో మాత్రం ఒంట్లోని రక్షణ వ్యవస్థే అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అందుకే ఓపీ చీటీ మీద, పేరు పక్కనే, ఆ మొదటి రోజు తేదీ పెద్దక్షరాలతో రాయండి. తర్వాత చూసే ప్రతి డాక్టరుకూ అది కనపడాలి.

"ఆయాసం లేదు" అన్నంత మాత్రాన ఊరుకోకూడదు. శాచురేషన్ 85కి పడిపోయినా ఫోన్లో తాపీగా మాట్లాడుతూ కూర్చున్నవాళ్ళు ఉన్నారు. ఆక్సీమీటర్ పెట్టేముందు వేలు చూడండి. నెయిల్ పాలిష్ ఉన్నా, చేతులు చల్లబడి ఉన్నా అంకె తప్పుగా రావచ్చు. వేళ్ళు రుద్దించి వెచ్చబడ్డాక పెట్టి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగండి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఆయనకు తెలియకుండా నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. తెలిస్తే ఎవరైనా ఊపిరి తీరు మార్చేస్తారు. నిమిషానికి 24 దాటినా, శాచురేషన్ 94 కంటే తగ్గినా ఇంటికి పంపవద్దు. 30 దాటినా, 90 కంటే తగ్గినా తీవ్రమైన జబ్బే. కూర్చున్నప్పుడు అంతా బాగుంటే, పక్కన మనిషిని తోడిచ్చి వరండాలో ఆరు నిమిషాలు నడిపించండి. నడిచాక అంకె మూడు నాలుగు పడిందంటే దాచిన జబ్బు బయటపడ్డట్టే.

ఇంటికి పంపేవారికి రాసేది తక్కువే ఉండాలి: పారాసిటమాల్, నీళ్ళు, విశ్రాంతి, రోజుకు కనీసం మూడుసార్లు శాచురేషన్ నోటుపుస్తకంలో రాయడం. అయిదో రోజు నుంచి పదో రోజు దాకా మీవాళ్ళెవరైనా ఫోన్ చేయాలి. రెండో వేవ్‌లో మూడో రోజే సీటీ స్కాన్ తీయించుకుని, స్కోరు చూసి హడలిపోయినవాళ్ళు ఎందరో. స్కోరుకు వైద్యం చేయకండి, మనిషికి చేయండి.

ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే లక్ష్యం 92 నుంచి 96. పాత దమ్ము జబ్బు ఉన్నవాళ్ళకు 88 నుంచి 92 చాలు. 99 కోసం వాల్వు తిప్పితే పక్క మంచానికి అందాల్సింది వృథా అవుతుంది. ఆ లెక్క కూడా డాక్టరుకు రావాలి. జంబో సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున 700 నిమిషాలు వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి తగిలించింది పొద్దున ఏడున్నర దాటగానే అడుగంటుతుంది, సరిగ్గా డ్యూటీలు మారే వేళ. సిలిండర్ మార్చే టైము ముందే కేసుషీట్లో రాసిపెట్టండి. మెలకువగా ఉన్న పేషెంటును బోర్లా పడుకోబెట్టండి, గర్భిణులను తప్ప. ఊపిరితిత్తుల వెనక భాగం తెరుచుకుని, అదే ఆక్సిజన్‌కు అంకె పెరుగుతుంది. మెడ నొస్తోందంటే కుడి పక్కకు, ఎడమ పక్కకు తిప్పుతూ ఉండాలి. పైసా ఖర్చులేని ఈ వైద్యానికి పక్కన నిలబడి ధైర్యం చెప్పే మనిషి మాత్రం కావాలి.

స్టెరాయిడ్ దగ్గర రోజు లెక్క ప్రాణాల లెక్క అవుతుంది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, పది రోజులకు మించకుండా ఇచ్చారు. వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మేలేమీ జరగలేదు. అయినా మన ఊళ్ళలో రెండో రోజు జ్వరానికే ఆ మాత్రలు మింగించారు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇదే.

ప్రొటోకాల్ కాగితం మీద తేదీ చూడటం కూడా అలవాటు కావాలి. కోలుకున్నవాళ్ళ ప్లాస్మా ఎక్కించడంతో ఉపయోగం లేదని ఐసీఎంఆర్ సొంత ట్రయల్ 464 మందిలో 2020లోనే తేల్చినా, జాతీయ మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది 2021 మేలో. ఈలోగా దాతల కోసం కుటుంబాలు అర్ధరాత్రులు ఫోన్లు చేస్తూ గడిపాయి.

వార్డులోకి రాలేని పేషెంటు కుటుంబానికి రోజూ ఒకే వేళకు, వీలైతే ఒకే డాక్టరు ఫోన్ చేయాలి. "క్రిటికల్" అని పెట్టేయకండి. "నిన్న 6 లీటర్ల మీద ఉన్నారమ్మా, ఇవాళ 10 కావలసి వచ్చింది, అన్నం మాత్రం తిన్నారు" అని చెప్పండి.

వార్డు నుంచి బయటికొచ్చే వేళ అలసటే శత్రువు. ముందు గ్లవ్స్, తర్వాత గౌను, తర్వాత కళ్ళద్దాలు. మాస్కు అన్నిటికంటే చివర, గది బయట, ముందు భాగం ముట్టకుండా పట్టీలతో తీయాలి. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా చేతులు శుభ్రం చేసుకోవాలి.

డిశ్చార్జి చీటీలో ఆఖరి వరుస షుగర్‌ది. స్టెరాయిడ్ వాడినవాళ్ళకు ఇంటికెళ్ళాక కూడా షుగర్ చూపించుకోవాలని రాయండి. 2021 మేలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి చేరినవాళ్ళలో అదుపులేని షుగర్, స్టెరాయిడ్ వాడకం పదేపదే కనిపించాయి. మొహం ఒక పక్క నొప్పి లేదా వాపు, ముక్కులో నల్లని పక్కు, కదిలే పళ్ళు, ఒకటి రెండుగా కనపడటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళమని తెలుగులో, వాళ్ళు చదవగలిగే అక్షరాల్లో రాసి, చదివి వినిపించి పంపండి.