సీఎస్‌ఈ వదిలి బీఎస్సీ ఆనర్సా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. లెక్కలంటే ప్రాణం. ఇంజినీరింగ్ వద్దు, చెన్నైలో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ ఆనర్స్ చదువుతానంటున్నాడు. రేపు ఉద్యోగం ఎవరిస్తారని వాళ్లమ్మ బెంగ. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి, గుంటూరు

జవాబు: అబ్బాయి మనసు పడింది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ) మీదే అయి ఉంటుంది. గణితవేత్త సి.ఎస్. శేషాద్రి 1989లో స్పిక్ సైన్స్ ఫౌండేషన్ అండతో మొదలుపెట్టిన సంస్థ అది. ఈ ఆనర్స్ కోర్సు 1998లో వచ్చింది. సంస్థ ఇప్పుడు సిరుసేరి ఐటీ పార్కులో, సాఫ్ట్‌వేర్ కంపెనీల పక్కనే ఉంటోంది.

అమ్మ బెంగ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అబ్బాయికి ఇష్టమైనది లెక్క చేయడమా, రుజువు చేయడమా? చదరంగం బల్లలో ఐమూలగా ఎదురెదురు మూలల గడులు రెండు తీసేస్తే 62 మిగులుతాయి. పక్కపక్కనున్న రెండేసి గడులను కప్పే బిళ్లలు 31 ఇచ్చి, బల్లంతా కప్పమంటే కుదురుతుందా? ఎన్ని రకాలుగా పేర్చినా కుదరదు. ఎందుకంటే తీసేసిన గడులు రెండూ ఒకే రంగువి. ఒక రంగువి 32, రెండో రంగువి 30 మిగిలాయి. ప్రతి బిళ్లా రెండు రంగుల్లోనూ ఒక్కో గడిని కప్పి తీరాలి. అంతే, రుజువు ముగిసింది. ఇలాంటిది చూసి కళ్లు మెరిసే పిల్లలకు ఈ చదువు పండగే. జవాబు వచ్చింది కదా, తర్వాతి ప్రశ్నకు వెళ్దాం అనే పిల్లలకు మాత్రం మొదటి సెమిస్టరే భారమవుతుంది.

అక్కడ గణితం, కంప్యూటింగ్ విడివిడిగా నడవవు. గణితం క్లాసులో ఇండక్షన్‌తో రుజువు రాసిన విద్యార్థి, ప్రోగ్రామింగ్ క్లాసులో అదే ఆలోచనను రికర్షన్ రూపంలో చూస్తాడు. ఆల్జీబ్రా, అనాలిసిస్‌తో పాటు ఆల్గరిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యూటేషన్ కూడా చదవాల్సిందే.

ఇక ఉద్యోగం. పట్టా మీద ‘సీఎస్‌ఈ’ అని లేకపోతే కంప్యూటర్ రంగం రానివ్వదన్నది వట్టి భయం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో చెన్నై గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో పట్టా అందుకున్నది సివిల్ ఇంజినీరింగ్‌లో. 1994లో కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారం ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. సీఎంఐలో చదివినవాళ్లు పీహెచ్‌డీలకూ వెళ్తున్నారు, సాఫ్ట్‌వేర్, ఫైనాన్స్ రంగాలకూ వెళ్తున్నారు. అయితే ఇంజినీరింగ్ కాలేజీల్లోలా పెద్ద ఎత్తున క్యాంపస్ నియామకాల కోసమే చేరాలనుకుంటే ఇది సరైన చోటు కాదు.

ప్రశ్న: సీఎంఐకి జేఈఈ కోచింగ్ సరిపోతుందా?
– ఓ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: సిలబస్ వరకు చాలామటుకు సరిపోతుంది, అలవాటు సరిపోదు. సీఎంఐ ప్రవేశ పరీక్షలో చిన్న జవాబులతో పాటు, పూర్తి వివరణతో రాయాల్సిన ప్రశ్నలుంటాయి. జవాబు ఒక్కటే కాదు, అక్కడికి ఎలా చేరారో ప్రతి మెట్టూ కాగితం మీద కనపడాలి. తెలుగు రాష్ట్రాల పిల్లలు తడబడేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు, రెండేళ్లూ ఆప్షన్లు దిద్దడమే తప్ప వాక్యాలు రాయించినవాళ్లు లేక.

ప్రశ్న: తమిళం రాకపోతే ఇబ్బందా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: లేదు. పాఠాలు ఇంగ్లిష్‌లోనే. పిల్లలు అన్ని రాష్ట్రాల నుంచీ వస్తారు.

ప్రవేశ పరీక్ష సాధారణంగా మే నెలలో ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు సంస్థ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. అమ్మానాన్నలు ఒక పేపర్ ప్రింట్ తీసి పిల్లల ముందు పెట్టండి. గడియారం చూడనివ్వకండి. రెండో రోజు కూడా వాళ్లంతట వాళ్లే ఆ పేపర్ దగ్గర కూర్చుంటే, దరఖాస్తు పెట్టించండి.