అడవి తరుగును లెక్కగట్టే కొలువు: నెల్లూరు తీరం విద్యార్థులకు

శ్రీహరికోట పేరు వినగానే అందరికీ రాకెట్లే గుర్తొస్తాయి. 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాకు వెళ్లిన ఆ దీవిలో మరో సంపద కూడా ఉంది. పాల, అల్లి, నేరేడు చెట్లతో ఏడాది పొడవునా పచ్చగా నిలిచే ఉష్ణమండల అడవి అది. ఒకప్పుడు కోరమండల్ తీరమంతా పరుచుకున్న ఈ రకం అడవి ఇప్పుడు చెదురుమదురుగానే మిగిలింది. 2016 డిసెంబరు 7న ఇదే దీవి నుంచి ఎగిరిన రిసోర్స్‌శాట్-2ఎ వంటి ఉపగ్రహాలు అడవుల చిత్రాలు పంపుతున్నాయి. వాటిని చదివి, ఏ అడవి ఎప్పుడు ఎంత తరిగిందో తేల్చగలవాళ్లు కావాలి.

పని ఎలా ఉంటుందంటే, పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడా నుంచి పచ్చదనానికి ఒక అంకె కడతారు. ఏటా ఒకే నెల చిత్రాల్ని పోల్చాలి; లేకపోతే ఎండాకాలంలో ఆకు రాల్చిన చెట్టు కూడా నరికేసినట్టే కనిపిస్తుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బులు అడ్డం కాబట్టి ఫిబ్రవరి, మార్చి చిత్రాలు మేలు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నైసార్ ఉపగ్రహ రాడార్‌కు మబ్బులు అడ్డే కాదు.

అసలు చిక్కు అంకెల్లో లేదు. తీరం వెంట సరుగుడు తోటల్ని నాలుగైదేళ్లకోసారి కొట్టి మళ్లీ నాటుతారు. కంప్యూటర్‌కు అది అడవి నాశనంలా కనబడుతుంది. కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు గట్ల మీది మడచెట్లు, వాటి పక్కనే 1990ల నుంచి విస్తరించిన రొయ్యల గుంటలు, ఈ రెంటికీ మధ్య హద్దు ఎక్కడో నేల మీద నడిచినవాడికే తెలుస్తుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారు, ఆపైన విస్తీర్ణంలో కనీసం పది శాతం చెట్ల నీడ ఉంటే తోట కూడా అడవి కిందికే వస్తుంది. కాబట్టి ఆకుపచ్చ పెరిగిందన్న మాట నమ్మే ముందు ఏది పెరిగిందో అడగాలి. ఈ ప్రశ్న అడగగలిగిన విద్యార్థికే ఈ రంగంలో విలువ. సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్చుకుంటారు.

డిగ్రీలో భూగోళం, వృక్షశాస్త్రం, ఫారెస్ట్రీ, వ్యవసాయం, సివిల్ ఇంజినీరింగ్ ఏది చదివినా దారి ఉంది. తర్వాత జియోఇన్ఫర్మాటిక్స్ లేదా రిమోట్ సెన్సింగ్‌లో పీజీ చేయాలి. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ పేపర్ ఉంది. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ (ఐఐఆర్ఎస్) ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులూ నడుపుతోంది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్ఆర్ఎస్‌సీ), డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే, రాష్ట్ర స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, ప్రైవేటు మ్యాపింగ్ కంపెనీలు ప్రధాన గమ్యాలు. చాలా పోస్టులు మొదట ఒప్పందం మీదే ఉంటాయి. కంపెనీల్లో తొలి ఏళ్లు చిత్రాల మీద హద్దుల గీతలు గీసే పనే ఎక్కువ. అక్కడే ఆగిపోకుండా పైథాన్ నేర్చుకోండి.

సాధన ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. 1972 నుంచీ ఉన్న లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. మీ మండలానికి 1990 నాటి చిత్రం, ఈ ఏటి చిత్రం దించుకుని పోల్చండి. తేడా వచ్చిన చోటికి స్వయంగా వెళ్లి, అక్కడి రైతునో బెస్తనో అడిగి రాసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతోపాటు ఆ మ్యాపును కూడా తీసుకెళ్లండి.