భూగోళజ్ఞానము – కొండసేద్యము

భూగోళశాస్త్రమనగా నదుల పేరులను, రాజధానుల పేరులను వల్లించి పరీక్షయందు వ్రాయు విద్య యని మనలో ననేకులు తలంతురు. నాగలి పట్టబోవు బాలునకు దానితో నేమి పని యని యడుగు తల్లిదండ్రులును గలరు. మన చింతపల్లినే పరికించితిమేని యీ సందేహము తీరగలదు.

చింతపల్లియు విశాఖపట్టణమును 17, 18 డిగ్రీల యుత్తర యక్షాంశముల నడుమనే యున్నవి. అయినను సముద్రతీరమున నుక్క, ఇచట చల్లదనము. దీనికి ముఖ్యకారణ మెత్తు. 1,000 మీటర్లు పైకెక్కిన ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెంటిగ్రేడు తగ్గును. చింతపల్లి సుమారు 800 మీటర్ల యెత్తున నున్నది గనుక భేద మెంతయో విద్యార్థులే లెక్కకట్టగలరు. ఈ చల్లదనముచేతనే మైదానములయందు పండని అరబికా కాఫీ మన కొండలమీద సిల్వర్ ఓక్ చెట్ల నీడను, మిరియపు తీగెలతోఁ గూడ పండుచున్నది. 2019వ సంవత్సరమున అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

అయితే చలి మేలే కాదు, కీడును చేయును. సమీపముననున్న లంబసింగియందు శీతకాలపు రాత్రులు కొన్నిట ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరికి దిగును. చల్లనిగాలి బరువైనది, రాత్రివేళ వాలు వెంబడి జారి పల్లమున నిలుచును. కావున పల్లపు మడిలోని లేతపైరే ముందుగా మాడును. రాజ్మా విత్తువాడు గట్టిచలికి ముందే కాయ ముదురునట్లు దినములు లెక్కించుకొనవలెను.

ఇంక నేలవాలు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనములు కురియును. వాలు హెచ్చినకొలది నీటి వేగము హెచ్చి, చెట్లు లేని పోడుభూమి మన్నును కొట్టుకొనిపోవును. పూర్వము పోడు చేసిన నేలను చాలకాలము బీడుగా విడుచుచుండిరి. ఆ గడువు తగ్గినకొలది నేల తేరుకొనజాలదు. పటముమీద మనము చూచు సమోన్నత రేఖలే యిచట రైతునకు దారి చూపును. ఆ రేఖల వెంబడి గట్లు వేసి, వాలునకు అడ్డముగా దున్నినచో నీరు నిలిచి నేలలో నింకును.

మన పెద్దలు పుస్తకము చదువకయే చోళ్ల కేది తగిన నేలయో, వలిసెల కేది తగిన నేలయో యెరుగుదురు. ఆ యనుభవమును మనము తక్కువగా నెంచరాదు. కాని వారెరుగని క్రొత్తపంట వచ్చినపుడు కారణ మెరిగినవాడే ముందుగా నాలోచింపగలడు. కావున విద్యార్థులారా, పటమును గోడకు వ్రేలాడనిచ్చి యూరకుండక, మీ పొల మే యెత్తున నున్నదో, ఏ దిక్కునకు వాలియున్నదో, నీ రెటు పోవుచున్నదో యీ సెలవులలో మీ తండ్రులతోఁ గలిసి పరిశీలింపుడు.