మన తిండి – మన మనసు

మన గ్రామాలలో మనిషి ఎదురైతే ముందుగా వచ్చే మాట "తిన్నవా?" అని. మిగతా క్షేమ సమాచారాలన్నీ ఆ తర్వాతే. తినని మనిషి మనసు కుదురుగా ఉండదని మన పెద్దలకు తెలుసు. అయినా మనలో చాలామంది తిండిని కండబలంతోనే ముడిపెడతారు. కాళ్ళు పీకితే, కళ్ళు తిరిగితే 'సరిగా తినడం లేదు' అంటారు. అదే మనిషికి దిగులు, చిరాకు, మతిమరుపు, నిద్రలేమి మొదలైతే నజర్ తగిలిందనో, గాలి సోకిందనో అంటారు. ఆ కారణం పళ్లెంలో కూడా ఉండవచ్చని తలచరు. తిండికీ మనసుకూ ఉన్న సంబంధం ఏమిటో, దాని హద్దు ఎక్కడో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మెదడుకు ఏం కావాలి?

పెద్దవారి మెదడు బరువు దాదాపు 1.3 నుండి 1.4 కిలోలు. శరీరం మొత్తం బరువులో ఇది 2 శాతమే. కాని శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుచేసే శక్తిలో సుమారు 20 శాతాన్ని ఈ చిన్న అవయవమే వాడుకుంటుంది. మెదడు ఇంధనాన్ని పెద్దగా దాచుకోలేదు. గ్లూకోజు, ప్రాణవాయువు రక్తం ద్వారా ఎడతెగకుండా అందుతూనే ఉండాలి.

ఇంధనం ఒక్కటే చాలదు. మనసును నెమ్మదిగా ఉంచడంలో పాలుపంచుకునే సెరటోనిన్ అనే రసాయనం ట్రిప్టోఫాన్ నుండి తయారవుతుంది. ట్రిప్టోఫాన్ మాంసకృత్తులలో ఉండే ఒక అంశం. దాన్ని శరీరం స్వయంగా తయారు చేసుకోలేదు. పప్పు, పాలు, గుడ్లు, మాంసం, పల్లీల నుండే అది రావాలి. దాన్ని సెరటోనిన్‌గా మార్చడానికి మళ్ళీ ఇనుము, బి-6 విటమిన్ కావాలి. అంటే కడుపు నిండటం వేరు, మెదడుకు అందటం వేరు.

జొన్న చేలు నేర్పిన పాఠం

ఈ విషయం ప్రపంచానికి తెలియడంలో మన తెలంగాణకూ పాత్ర ఉంది. ఒకప్పుడు ఇక్కడి పేద కూలీలకు జొన్న గట్క, జొన్న రొట్టె తప్ప వేరే తిండి దాదాపు ఉండేది కాదు. వారిలో కొందరికి పెల్లాగ్రా అనే వ్యాధి వచ్చేది. ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాలపై చర్మం నల్లబడి పొలుసులుగా లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ఆ తర్వాత దిగులు, నిద్రలేమి, మతిమరుపు, చివరకు మతి చలించడం. చికిత్స అందకపోతే ప్రాణం పోయేది.

1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ నెలకొల్పిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969 నుండి అదే జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకాంతియా జొన్న తినేవారిలో పెల్లాగ్రాను పరిశీలించి 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ అభిప్రాయాన్ని ప్రకటించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అంశం, శరీరం నియాసిన్ విటమిన్‌ను తయారు చేసుకోవడానికి అడ్డుపడుతున్నదని వారు భావించారు. ఈ వివరణపై తర్వాత శాస్త్రవేత్తల మధ్య చర్చ సాగింది. కాని నియాసిన్ కొరతే ఈ వ్యాధికి మూలమన్న విషయంలో భేదాభిప్రాయం లేదు.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్నపైనే బతికిన పేదలకూ ఇదే వ్యాధి వచ్చింది. అక్కడి మానసిక ఆసుపత్రులలో ఈ రోగులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. అది అంటువ్యాధి అని చాలామంది నమ్మారు. 1914లో పరిశోధన మొదలుపెట్టిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనాథాశ్రమాలలో, మానసిక ఆసుపత్రిలో పాలు, మాంసం, గుడ్లు, చిక్కుడు జాతి గింజలు పెట్టించి వ్యాధిని ఆపవచ్చని చూపారు. 1937లో నియాసిన్ దీనికి మందు అని తేలింది. పిచ్చివారిగా ముద్రపడిన ఎందరో ఆ విటమిన్ అందిన కొద్ది రోజులకే తెలివిలోకి వచ్చారు.

ఇక్కడ ఒక అపోహ రాకూడదు. జొన్న చెడ్డ ధాన్యం కాదు. జొన్న 'ఒక్కటే' తినడం వల్ల ముప్పు వచ్చింది. కోస్తా జిల్లాలలో బాగా తెల్లగా మరపట్టిన బియ్యం ఒక్కటే తిన్నవారికి బి-1 కొరతతో బెరిబెరి వచ్చింది. ధాన్యం ఏదైనా, దాని పక్కన పప్పు, కూర, పాలు, గుడ్డు లేనప్పుడు శరీరంతో పాటు మెదడూ దెబ్బతింటుంది.

నేటి కొరత – రక్తహీనత

నేడు పెల్లాగ్రా అరుదు. మొగుళ్లపల్లి పరిసరాలలో పత్తి, మిర్చి, వరి పండించే ఇళ్ళలో ఇప్పుడు మూడు పూటలా అన్నమే. ఆకలి తగ్గింది కాని కొరత పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి, అయిదేళ్ళలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది.

రక్తహీనతకు ముఖ్య కారణాలలో ఇనుము కొరత ఒకటి. ఇనుము రక్తంలో ప్రాణవాయువును మోస్తుంది. మెదడులోని రసాయనాల తయారీకీ, నరాల పైపొర ఏర్పడడానికీ అవసరమవుతుంది. అది తగ్గితే ఆయాసం, నీరసంతో పాటు ఏకాగ్రత లోపం, చిరాకు, దిగులు రావచ్చు. మొదటి రెండేళ్ళలో కొరత ఏర్పడితే పిల్లల నేర్చుకునే శక్తిపై ఆ ప్రభావం చాలాకాలం ఉండవచ్చు. బడిలో 'మొద్దు' అని దెబ్బలు తింటున్న పిల్లవానికి రక్తం తక్కువేమో ఎవరైనా చూశారా?

బి-12 విటమిన్ సంగతీ అంతే. అది పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. ముసలివారిలో, చక్కెర వ్యాధికి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఇది తగ్గే అవకాశం ఎక్కువ. పాదాల తిమ్మిర్లు, మతిమరుపు, తికమక, దిగులు దాని గుర్తులు. 'ముసలితనంలో మతి పోయింది' అని వదిలేసే ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించడం సంతానం బాధ్యత.

బాలింత పథ్యం

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం మన ఇళ్ళలో బాలింతకు జరుగుతున్నది. ప్రసవంలో రక్తం పోయి, బిడ్డకు పాలిస్తున్న తల్లికి పథ్యం పేరుతో పప్పు వద్దంటారు, ఆకుకూర వద్దంటారు, పండ్లు జలుబు చేస్తాయంటారు, నీళ్ళు కూడా లెక్కపెట్టి ఇస్తారు. ఆమె ఊరికే ఏడుస్తూ, బిడ్డను దగ్గరకు తీయకుండా ఉంటే జిన్ను పట్టిందని తాయెత్తు కడతారు.

దివ్య ఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరా ఈ సందర్భంలో గుర్తుకు రావాలి. ప్రసవ వేదనలో ఒంటరిగా ఉన్న హజ్రత్ మర్యమ్ (అ) ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయారు. అల్లాహ్ ఆమెను ఆ మాటకు మందలించలేదు. ముందు ఓదార్పు, ఆ వెంటనే పారే నీరు, తాజా ఖర్జూరాలు. అంత పవిత్రురాలికి కూడా ఆ ఘడియలో దుఃఖం కలిగినప్పుడు, మన కోడలి కన్నీటిని దోషంగా చూడడం ఏం న్యాయం?

2015 జనవరి 1న తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం ఉద్దేశం కూడా గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అందించడమే. ఆ గుడ్డు ఆమె నోటికే చేరాలి.

దుఃఖం ఉన్న ఇంట్లో

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. హజ్రత్ జాఫర్ (రజి) వీరమరణం వార్త వచ్చినప్పుడు ఆ ఇంటివారికి భోజనం సిద్ధం చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇంట్లో మరణం సంభవిస్తే హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా వండించేవారు. అది బార్లీ పిండితో చేసే పల్చని జావ. రోగి గుండెకు అది ఊరట అనీ, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందనీ ప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. 'కొంత' అన్న మాటను గమనించండి. అందులో ఆశా ఉంది, హద్దూ ఉంది.

తిండి హద్దు

2017లో ఆస్ట్రేలియాలో ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. కుంగుబాటుతో బాధపడుతున్న 67 మందిలో కొందరికి 12 వారాల పాటు ఆహారం మార్చుకోవడంలో సాయం చేశారు. మిగతావారికి స్నేహపూర్వక సంభాషణతో తోడుగా నిలిచారు. మొదటి వర్గంలో 32 శాతం మంది, రెండవ వర్గంలో 8 శాతం మంది వ్యాధి నుండి బయటపడ్డారు. ఇది చిన్న పరిశోధన. అయినా మార్గం చూపుతుంది. అదే సమయంలో మంచి తిండి తిన్న వర్గంలోనూ మూడింట రెండు వంతుల మంది ఇంకా కోలుకోలేదని మరువరాదు.

1997-98లో పాత వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్న రోజులను ఈ ప్రాంతం మరచిపోలేదు. అప్పుల భారాన్ని అన్నం పళ్లెం తీర్చదు. కుంగిపోయిన మనిషితో 'బాగా తిను, నమాజు చెయ్యి, అంతా పోతుంది' అని చెప్పి చేతులు దులుపుకోరాదు. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) తన సహచరులకు బోధించారు. మా వంటి ఆలిమ్‌ల వద్దకు దుఆ కోసం తీసుకురండి, చేస్తాము. కాని డాక్టరు వద్దకు కూడా తీసుకువెళ్ళండి. దుఆ మందుకు అడ్డు కాదు. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆచరణకు

1. అన్నంతో పాటు ప్రతిరోజూ పప్పు, ఒక ఆకుకూర ఉండాలి. తోటకూర, మునగాకు, చింతచిగురు మన పెరట్లోనే దొరుకుతాయి.
2. భోజనం కాగానే చాయ్ తాగవద్దు, కనీసం గంట ఆగండి. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం, జామ, ఉసిరి దాన్ని పట్టేలా చేస్తాయి.
3. గుప్పెడు పల్లీలు నియాసిన్‌కు చవకైన ఆధారం. వీలైనప్పుడు గుడ్డు, చేప తినండి.
4. అయోడిన్ ఉప్పే వాడండి. గర్భిణికి అయోడిన్ తక్కువైతే బిడ్డ బుద్ధి వికాసం కుంటుపడుతుంది.
5. ఇంట్లో స్త్రీలు అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మానాలి. అందరూ కలిసి కూర్చోండి, కూర సమంగా పంచండి.
6. దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, రక్తపరీక్ష చేయించండి.

శరీరం, బుద్ధి రెండూ మన వద్ద ఉన్న అమానతులు. ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మన ఇంట్లో ఎవరి పళ్లెంలో ఏముందో ఒక్కసారి చూద్దాం. అల్లాహ్ మన ఇళ్ళలో ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని, ఒకరి బాధను ఒకరు గుర్తించే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.