నెట్ ఆపేశాం, బిల్లు ఎలా వచ్చింది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్వ్యూ కోసం దుబాయి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాడు. పోస్ట్‌పెయిడ్ సిమ్ తీయకుండా అదే ఫోన్ తీసుకెళ్ళాడు. అక్కడ హోటల్ వైఫై తప్ప ఏమీ వాడలేదని, నెట్ ఆఫ్ చేసే ఉంచానని అంటున్నాడు. మామూలుగా ఐదారు వందలు దాటని బిల్లు ఈ నెల పద్దెనిమిది వేలు దాటింది. అడిగితే, మీ ఫోన్ డేటా వాడింది, మా సిస్టంలో ఉంది అంటున్నారు. కట్టక తప్పదా? – నిజామాబాద్ పాఠకుడు

జవాబు: కట్టక తప్పదని అప్పుడే అనుకోకండి. అసలు కట్టనక్కర్లేదని కూడా మీ ఉత్తరం ఒక్కటే చూసి నేను చెప్పలేను. తేలాల్సినవి రెండు సంగతులు. మీ అబ్బాయి ఫోన్‌లో నిజంగా ఏం ఆఫ్ అయి ఉందన్నది మొదటిది. విదేశంలో డేటా నడపడానికి ఆయన ఒప్పుకున్నట్టు కంపెనీ దగ్గర ఏం రికార్డు ఉందన్నది రెండోది. మొదటిది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండోది కంపెనీని రాతపూర్వకంగా అడిగితేనే తేలుతుంది.

నెట్ ఆఫ్ చేశానని చెప్పేవాళ్ళలో చాలామంది అబద్ధం చెప్పరు. కాకపోతే ఆ స్విచ్ ఒకటి కాదు. 'మొబైల్ డేటా' ఒకటి, 'డేటా రోమింగ్' వేరొకటి. రెండు సిమ్ములుంటే నెట్ దేని మీద నడవాలన్నది ఇంకొకటి. ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గితే రెండోదాని మీదికి తనంతట తనే మారిపోయే ఏర్పాటు కొత్త ఫోన్లలో ఉంటుంది. అక్కడి సిమ్ కొని రెండో స్లాట్‌లో వేసుకున్నవాళ్ళు కూడా బిల్లు చూసి గుండెలు బాదుకోవడానికి ఇదొక కారణం. ఐఫోన్‌లో 'వైఫై అసిస్ట్' అని 2015లో వచ్చింది. వైఫై బలహీనపడితే అడగకుండానే మొబైల్ డేటా అందుకుంటుంది. ఎవరూ ఆన్ చేయకపోయినా అది ఆన్‌లోనే ఉంటుంది. దానివల్ల ఖర్చు పెరిగిందని ఆ ఏడాదే అమెరికాలో ఆపిల్ మీద దావా కూడా పడింది. డేటా రోమింగ్‌లో ఉన్నప్పుడు అది పనిచేయదని ఆపిల్ అంటోంది కాబట్టి మీ దుబాయి బిల్లుకు అది కారణం కాకపోవచ్చు. ఇంట్లో వైఫై ఉండగా ప్యాక్ ఎందుకు కరిగిపోతోందో తెలియనివాళ్ళు మాత్రం ఒకసారి దాని సంగతి చూసుకోవాలి.

ఫోన్ జేబులో ఉన్నా, స్క్రీన్ ఆరిపోయి ఉన్నా లెక్క ఆగదు. డేటా దారి తెరిచి ఉంటే ఫోన్ అక్కడి నెట్‌వర్క్ ద్వారా ఒక ఐపీ అడ్రస్ తీసుకుంటుంది. ఆ తర్వాత వచ్చేపోయే ప్రతి బైటూ నెట్‌వర్క్ పద్దులో పడుతుంది. ఫోటోల బ్యాకప్, వాట్సాప్ వీడియోలు, మెయిల్, యాప్‌ల అప్‌డేట్లు మనల్ని అడిగి నడవవు. పాత నోకియా సింబియన్ ఫోన్లు ఈ ఒక్క విషయంలో మర్యాదగా ఉండేవని నా అభిప్రాయం. ప్యాకెట్ డేటా కనెక్షన్ 'అందుబాటులో ఉన్నప్పుడల్లా' కావాలా, 'అవసరమైనప్పుడే' కావాలా అని సెట్టింగ్‌లోనే తేల్చుకోమనేవి. అప్పట్లో పది కిలోబైట్లకు పది పైసల రేటు ఉండేది. ఆ లెక్కన ఒక జీబీ పదివేలు దాటుతుంది. అందుకే అడిగేవి. ఇప్పుడు దేశంలో డేటా చౌకైంది కాబట్టి ఫోన్లు అడగడం మానేశాయి. రోమింగ్ ప్యాక్ లేకుండా విదేశంలో విమానం దిగితే మాత్రం ఆ పాత కాలం మళ్ళీ ఎదురవుతుంది.

కాబట్టి ముందు ఫోన్‌ను రీసెట్ చేయకండి, అమ్మేయకండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డేటా వాడకం చూస్తే ఏ యాప్ ఎంత లాగిందో తేదీలవారీగా ఉంటుంది. ఐఫోన్‌లో మొబైల్ డేటా కింద రోమింగ్‌లో వాడింది విడిగా కనిపిస్తుంది. ఆ అంకె మనం రీసెట్ చేసేదాకా అలాగే ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే మీ కేసుకు మంచి బలం. వందల ఎంబీలు ఉంటే, పోట్లాట వాడామా లేదా అన్నదాని మీద కాదు, మీ అనుమతి, హెచ్చరికల మీద నడపాలి. రెండు సందర్భాల్లోనూ స్క్రీన్‌షాట్ తీసిపెట్టండి. ఫోన్ లెక్కకూ కంపెనీ లెక్కకూ కొద్దిగా తేడా రావచ్చని ఆండ్రాయిడే చెబుతుంది. కాబట్టి పది ఎంబీల తేడా పట్టుకుని గొడవకు దిగితే పరువు మనదే పోతుంది.

ఇక చట్టం సంగతి. వినియోగదారు స్పష్టంగా ఒప్పుకోకుండా డేటా సేవ మొదలుపెట్టకూడదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన టెలికాం వినియోగదారుల రక్షణ నిబంధనలకు 2015 ఆగస్టులో చేసిన ఎనిమిదో సవరణ ఈ మాట చెబుతుంది. దానికోసమే 1925 అనే ఉచిత నంబరు పెట్టారు. డేటా కావాలంటే 'స్టార్ట్' అని, వద్దంటే 'స్టాప్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ నంబరుకు ఎస్ఎమ్మెస్ పంపవచ్చు, ఫోనూ చేయవచ్చు. ఇంత సులువైన ఏర్పాటు ఉందని తెలిసినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు.

ఫోన్‌లో స్విచ్ ఉండగా మళ్ళీ ఇదెందుకని అడగవచ్చు. ఇంట్లో కుళాయి కట్టేయడం వేరు, కనెక్షన్ వద్దని మున్సిపాలిటీకి రాసిచ్చి రసీదు తీసుకోవడం వేరు. ఫోన్‌లో ఆఫ్ చేసినట్టు కంపెనీ దగ్గర ఏ ఆనవాలూ ఉండదు. ఏ అప్‌డేటో వచ్చినా, పిల్లలు ఆటకోసం ఆన్ చేసినా ఆ స్విచ్ మళ్ళీ తెరుచుకోవచ్చు. 1925కు పంపిన 'స్టాప్' మాత్రం తేదీ, సమయంతో సహా వాళ్ళ రికార్డుల్లో ఉంటుంది, మీ ఇన్‌బాక్స్‌లో జవాబూ ఉంటుంది. ఆ తర్వాత డేటా ఖర్చు వేస్తే ఎందుకు వేశారో చెప్పుకోవాల్సింది వాళ్ళే. విదేశం వెళ్ళేవాళ్ళు ఈ పని విమానం ఎక్కకముందే ముగించాలి. అక్కడ దిగాక మన దేశపు షార్ట్ కోడ్‌ను నమ్ముకోవద్దు. రోమింగ్‌లో మాటలు చాలు, డేటా వద్దు అని కస్టమర్ కేర్‌కు చెప్పి, దానికి ఎస్ఎమ్మెస్‌లో ధ్రువీకరణ తెప్పించుకోవాలి. విమానంలోనూ, ఓడలోనూ ఫోన్‌కు దొరికే నెట్‌వర్క్‌ల రేట్లు నేల మీది రేట్ల కంటే చాలా ఎక్కువ. అక్కడ ఫ్లైట్ మోడ్ వేయడం ఒక్కటే మార్గం.

మీ అబ్బాయి విషయంలో అనుమతి కంటే హెచ్చరికల దగ్గర కంపెనీ ఎక్కువ ఇబ్బంది పడవచ్చని నాకనిపిస్తోంది. డేటా పరిమితిలో 50, 90, 100 శాతం వాడకం చేరినప్పుడల్లా వినియోగదారుకు తెలియజేయాలని 2015 సవరణే చెబుతోంది. అంతకన్నా పాతది ఒకటుంది. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌కు క్రెడిట్ లిమిట్ ఎంతో ముందే చెప్పాలని, బిల్లు అందులో 80 శాతానికి చేరగానే హెచ్చరించాలని ట్రాయ్ 2005లోనే ఆదేశించింది. ఐదారు వందల బిల్లు వచ్చే కనెక్షన్‌కు పద్దెనిమిది వేల క్రెడిట్ లిమిట్ ఇచ్చి ఉంటారా? ఇవ్వకపోతే ఆ లిమిట్ దాటేటప్పుడు ఎందుకు చెప్పలేదు, ఎందుకు ఆపలేదు? విదేశీ నెట్‌వర్క్ నుంచి లెక్క ఆలస్యంగా వచ్చిందని వాళ్ళు అంటారు. నిజంగానే ఆలస్యంగా రావచ్చు. ఎంత ఆలస్యమైందో తేదీలతో చూపించమని అడగండి.

ముందు కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు రాసుకోండి. నంబరివ్వకుండా, చూస్తాం సార్ అంటే ఫిర్యాదు పుట్టనట్టే లెక్క. అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి. ఏ తేదీన, ఏ గంటకు, ఏ విదేశీ నెట్‌వర్క్ మీద ఎంత డేటా, ఏ రేటున వేశారో అడగండి. రోమింగ్ డేటాను ఎవరు, ఎప్పుడు, ఏ మార్గంలో ఆన్ చేశారో, మీకు పంపామంటున్న హెచ్చరికలు ఏ వేళకు వెళ్ళాయో, క్రెడిట్ లిమిట్ ఎంతో అడగండి. గడువు తేదీలోపు మామూలు అద్దె, వివాదం లేని కాల్స్ మొత్తం కట్టేసి, మిగతాది వివాదంలో ఉందని ఆ మెయిల్‌లోనే రాయండి. మొత్తం ఆపేస్తే సిమ్ కట్ చేయడానికి వాళ్ళకు సాకు దొరుకుతుంది.

ఫిర్యాదుకు జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్ళవచ్చు. 2012 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం దానికి రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అది కంపెనీ ఇంట్లోనే ఉన్న పంచాయితీ కాబట్టి పెద్ద ఆశలు పెట్టుకోమని చెప్పను. అయినా వెళ్ళమనే అంటాను, ఎందుకంటే అక్కడ వాళ్ళు రాసిచ్చే జవాబు తర్వాత మీకే పనికొస్తుంది. ట్రాయ్‌కి రాస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. ఒక్కొక్కరి బిల్లు తగాదాలు ట్రాయ్ తీర్చదు, నిబంధనలు చేయడం వరకే దాని పని.

అసలైన తలుపు వినియోగదారుల కమిషన్. టెలికాం తగాదాలకు ఆ తలుపు మూసి ఉందని కంపెనీలు ఏళ్ళ తరబడి వాదించాయి. టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ ప్రకారం ఇలాంటివి ఆర్బిట్రేషన్‌కే వెళ్ళాలని 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి వాళ్ళ చేతిలో ఉండేది. దాన్ని తిప్పేసింది అహ్మదాబాద్‌కు చెందిన ఒక మామూలు వినియోగదారు పట్టుదల. ఆయనది మీలాంటి కథే. 2013 నవంబరు, డిసెంబరు నెలల మధ్య, సగటున 555 రూపాయల బిల్లు వచ్చే కనెక్షన్‌కు 24,609 రూపాయల 51 పైసలు వేశారని ఆయన ఫిర్యాదు. జిల్లా వినియోగదారుల ఫోరంలో (ఇప్పటి కమిషన్) అడిగిన పరిహారం 22 వేలు. ఆ మాత్రం దానికి వొడాఫోన్ ఐడియా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 ఫిబ్రవరి 16న కోర్టు తేల్చి చెప్పింది: ఆర్బిట్రేషన్ అనే దారి ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం దారి మూసుకుపోదు, ఎటు వెళ్ళాలన్నది వినియోగదారు ఇష్టం. బిల్లు సరైనదా కాదా అన్నది ఆ తీర్పు తేల్చలేదు, విచారణ జరిగే చోటు ఏదన్నదే తేల్చింది. మనకు కావలసిందీ అదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'సేవ' నిర్వచనంలో టెలికాంను పేరుతో చేర్చారు కాబట్టి ఇప్పుడు ఆ వాదనకు చోటు ఇంకా తగ్గింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆన్‌లైన్ పరిష్కార వ్యవస్థ గురించి చెబుతూనే, వినియోగదారుల చట్టం కింద ఉన్న హక్కుకు భంగం లేదని కూడా అంది.

కంపెనీ కార్యాలయం ముంబయిలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సేవకు మీరు చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడండి, కొన్ని తగాదాలు అక్కడే తెగిపోతాయి. లెక్కల పుస్తకం కంపెనీ దగ్గర ఉంది, మా మాట ఎవరు నమ్ముతారని భయపడకండి. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారమే ఉంది. డేటా సెషన్ల రికార్డు, హెచ్చరికల లాగ్ దాఖలు చేయించమని ఫిర్యాదులోనే కోరండి. మీ స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేస్తే అవతలి లాయరు వంక పెట్టడానికి వీలు తగ్గుతుంది.

ప్రీపెయిడ్ వాళ్ళకూ కొంత చెప్పాలి. బిల్లు రాదు కాబట్టి అడగలేమనుకుంటారు. గడిచిన ఆరు నెలల్లో ఏ కాలానికైనా వాడకం వివరాలు పద్దులవారీగా అడిగే హక్కు మీకుంది, 50 రూపాయలకు మించి తీసుకోకూడదు, 30 రోజుల్లో ఇవ్వాలి. పాటలనో ఆటలనో బ్యాలెన్స్ కట్ అవుతుంటే 155223కు చెప్పి ఆపించుకోవచ్చు. అవి మొదలైన 24 గంటల్లో ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఇంట్లో పెద్దవాళ్ళది బటన్ ఫోనైతే వాళ్ళకు డేటా ఎందుకు కొంటున్నారు? మాటలకు, ఎస్ఎమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒకటైనా ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చింది. దాని గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. షాపులో ఆ ప్యాక్ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవచ్చు, మీరే పేరు పెట్టి అడగండి.

మీ కేసుకు వస్తే, కమిషన్‌కు వెళ్ళడానికి గడువు రెండేళ్ళు. కానీ అన్ని రోజులు ఆగకండి. ఫోన్‌లో తేదీలవారీ లెక్కలు కొన్ని నెలలకే చెరిగిపోతాయి. అబ్బాయి ఫోన్ అడిగి ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీయించండి, రేపు 198కి ఫోన్ చేయండి.